మూరెడు పైపు

నా ఛాతీ మీద ఒక ఇనుప స్తంభం ఉంది. ఏళ్లుగా ఉంది. నమ్మరు కదూ? నేను చెప్పేది ఎవరూ నమ్మరు, అది నేను చేజేతులా సంపాదించుకున్న పేరు. దోమ కుట్టిందని చెప్పాలన్నా, ముందు దానికి హెలికాప్టరంత ఒళ్లు ఇచ్చి, మా మేడ మీద దింపి, ఆ తరవాతే కుట్టించే రకం మనిషిని. అపార్ట్‌మెంట్‌లో ఏ ఫంక్షనైనా మైకు నా చేతికే ఇస్తారు. కానీ ఈ స్తంభం మాత్రం నిజం. మీరు నాకు చుట్టం కాదు, పక్క ఫ్లాటు కాదు, రేపు లిఫ్టులో ఎదురుపడరు. అందుకే మీకు చెబుతున్నా.

కొండాపూర్‌లో మాది రెండో అంతస్తు. సరిగ్గా మా కింద సునీత గారు, ఆవిడ భర్త దేవదానం గారు. గోదావరి వైపు వాళ్లు. ఆవిడ నర్సు, ఆయన లెక్కల మాస్టారు. ఆయన నడకంటే నడకా అది! మా ఆఫీసు బస్సు గచ్చిబౌలి సిగ్నల్ దాటేలోపు ఆయన ముంబై చేరి టీ తాగి వెనక్కొచ్చేవాడు. సరే, అంత కాదు. కానీ బాగా నడిచేవాడు. నడిచేవాడు అంటున్నాను, చూశారా.

వాళ్ల బాల్కనీకి ఇనుప రెయిలింగ్. దాని ఎడమ వైపు ఆవిడ మొక్కల కుండీలు వేలాడేవి. కుడి మూలకు, నిలువు కమ్మీ మీద, సరిగ్గా గురి చూసి కొట్టినట్టు, మా ఏసీ నీళ్లు పడేవి. పైపు పొట్టిగా ఉండిపోయింది. బిగించినవాడు వదిలేశాడు, నేనూ వదిలేశాను.

ఒకరోజు సునీత గారు మెట్ల మీద ఆపారు.

"బ్రదర్, మీ ఏసీ నీళ్లు మా రెయిలింగ్ మూల మీదే పడుతున్నాయండి. మొన్ననే రంగేయించాం, మళ్లీ పొక్కులొచ్చేశాయి. ఒక్క మూరెడు పైపు కలిపితే చాలండి."

"ఏంది మేడం! పైనుంచి గంగ దిగుతుంటే శివుడు కంప్లైంట్ ఇచ్చిండా?"

"ఆయనకి జడలున్నాయి బ్రదర్. మా రెయిలింగ్ బోడిగుండండి."

ఎంత చక్కటి మాట! నవ్వాను. నవ్వి కూడా ఊరుకోలేదు.

"గిన్ని నీళ్లకే కరిగిపోతదా? అది ఇనుమా, పటికబెల్లమా? జర ఓపిక పట్టుండ్రి, రేపు చూస్త."

ఆవిడా నవ్వి వెళ్లిపోయింది. ఆ రేపు రెండు ఎండాకాలాలు సాగింది.

తెలియక చేశానని చెప్పుకోవచ్చా? అదీ లేదు. నేను తినే అన్నమే తుప్పు మీద. హైటెక్ సిటీలో ఒక గాజు మేడలో కూర్చుని, ఎక్కడో సముద్రం అడుగున పరిచిన చమురు పైపులు తుప్పు పట్టకుండా ఎలా కాపాడాలో పాఠాలు తయారుచేస్తాను. నా పాఠాలే లేకపోతే ప్రపంచంలోని ఇనుమంతా ఎర్రమట్టయి గాలికి కొట్టుకుపోయేదని భోజనాల దగ్గర కోతలు కోసేవాణ్ణి. ఇనుముకు గాలీ నీరూ కలిసి తగిలితే తుప్పు. ఒకే చోట తడి ఆరకుండా ఉంటే ఇంకా తొందరగా. పైన రంగు ఎంత వేసినా, బోలు కమ్మీకి అతుకు దగ్గర సూదిమొనంత సందుంటే చాలు, నీళ్లు లోపలికి దిగి, కుంచె చేరని చోట తినేస్తాయి. బయటికి పచ్చగా మెరుస్తూనే ఉంటుంది. ఇదంతా నేను రాసిన పాఠమే. దానికి బొమ్మలు కూడా నేనే పెట్టించాను.

పాపం, ఆవిడ చేయాల్సిందంతా చేసింది. ఏటా వానలకు ముందు గరుకు కాగితంతో గీకించి, రెడ్ ఆక్సైడ్ పూయించి, ఆరాక ఆకుపచ్చ రంగు వేయించేది. నేను పై నుంచి చూసి, "మేడం, రెయిలింగ్‌కి పెళ్లి చేస్తున్నరా?" అని అరిచేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున దేవదానం గారు తడి దుప్పటి ఆరేస్తూ ఆ కుడి మూలకు ఒరిగారు. మూల ఆయనతోపాటే కిందికి వెళ్లింది. చప్పుడు విని అందరికంటే ముందు పరిగెత్తింది నేనే. అంబులెన్స్‌లోకి ఎత్తింది నేనే. సునీత గారు ఆయనతో వెళ్తూ తాళాలు నా చేతిలో పెట్టారు, ఇల్లు చూడమని.

ఇల్లు చూశాను. బాల్కనీలో ఆ కమ్మీ మొదలు చూశాను. బయట నిగనిగలాడే రంగు. లోపల పొరలు పొరలుగా, అటుకుల్లా. వేలు పెడితే రాలిపోయింది. వంగి చూస్తుంటే మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది. పైన, నేను ఆపకుండా వచ్చిన నా ఏసీ.

అప్పుడేం చేశాను? దవాఖానకు పరిగెత్తానా? లేదు. హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను. పైపు కొన్నాను, కలిపాను, వాన నీళ్ల గొట్టంలోకి దింపాను. రెండు ఎండాకాలాలు వాయిదా వేసిన పని, టీ చల్లారేలోపు అయిపోయింది. ఆ విరిగిన ఇనుమంతా నేనే పాత సామాన్ల వాడికి ఇప్పించేశాను. ఎంత సాయం చేస్తున్నాడో అని అందరూ మెచ్చుకున్నారు.

సాయంత్రం దవాఖాన వరండాలో ఎవరో అడిగారు, అంత ఇనుము ఎలా విరిగిందని. నా నోరు ఎప్పుడైనా ఆగిందా! "విరగదా మరి? మేడం పబ్లిక్ గార్డెన్ మొత్తం తెచ్చి దానికి వేలాడదీసింది. పొద్దున్నే ఆ మొక్కలకు నీళ్లు పోస్తుంటే నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినట్టుండేది" అన్నాను. నవ్వారు. అక్కడున్న నలుగురూ నలుగురికి చెప్పారు. నా దోమను ఏనాడూ నమ్మని జనం ఈ ఒక్కటీ నమ్మేశారు. చివరికి సునీత గారూ నమ్మింది. కుండీలు ఎడమ వైపే కదా, విరిగింది కుడి మూల కదా అని ఎవరూ అడగలేదు. నేను ఎదురు చూశాను. ఎవరైనా అడిగితే బాగుండునని చూశానా, అడగకుంటే బాగుండునని చూశానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆయన ఊతకర్ర పట్టుకుని ఇంటికొచ్చాక కృతజ్ఞత కూడిక పెట్టారు. పాటలు, ప్రార్థన, బిర్యానీ. మమ్మల్నందరినీ పిలిచారు. ఆవిడ లేచి సాక్ష్యం చెప్పింది. వాళ్ల చర్చిలో అలా నలుగురి ముందు లేచి, తప్పయినా మేలయినా గొంతెత్తి చెప్పుకుంటారు. మొక్కల పిచ్చితో, తన చేతులతో పోసిన నీళ్లతో భర్త నడక పోగొట్టానని చెప్పింది. దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను, నేను మాత్రం నన్ను క్షమించుకోలేకపోతున్నానంది. ఆ తరవాత పై ఇంటి బ్రదర్‌కు వందనాలు చెప్పింది. చప్పట్లు కొట్టారు.

చేయని తప్పును నిలబడి ఒప్పుకునే మనిషి ఒకరు. చేసిన తప్పు మీద కూర్చుని బిర్యానీలో ఎముక వెతుక్కునే మనిషి ఒకడు. అక్కడితో అయిందా? మైకు నా చేతికిచ్చారు. అలవాటు. నేను లేచి కుండీల మీద ఇంకో జోకు వేశాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వాలని చూసింది. పెదాలు కదిలాయి, అంతే.

మా పాఠాల్లో ఒకటుంది. ఇనుము పక్కన జింకు ముక్క కట్టి వదిలితే తుప్పు ముందు జింకును తింటుంది. అది తరిగిపోతున్నంత కాలం ఇనుముకు ఏమీ కాదు. శిక్షణకు వచ్చిన పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు మధ్యలో ఆపి బయటికి వెళ్లిపోతాను. ఏసీ గాలి పడట్లేదంటాను.

ఇప్పుడు వాళ్ల బాల్కనీకి స్టీలు రెయిలింగ్. తుప్పు పట్టదు. దాని మీద ఒక్క మొక్క లేదు. కుండీలన్నీ పంచేసింది, అందులో ఒకటి మా ఇంటికే వచ్చింది. మా ఆవిడ నీళ్లు పోస్తుంది. నేను పోయను. చెప్పేద్దామని ఎన్నోసార్లు మెట్లు దిగాను. తలుపు తీసి, "రండి బ్రదర్, టీ తాగుతారా?" అంటుంది. లోపల కర్ర చప్పుడు వినిపిస్తుంది. తాగుతాను. ఏదో నవ్వించి పైకి వచ్చేస్తాను. భయమా? భయమే. తిడుతుందని కాదు. తిట్టకుండా, "పోనీలెండి బ్రదర్" అంటుందని.

మీరు మాత్రం ఆ మాట అనకండి. నేను దానికోసం రాయలేదు. ఒక్కసారైనా ఉన్నది ఉన్నంతగా చెబితే ఊపిరాడుతుందేమోనని రాశాను. కొంచెం ఆడుతోంది. పైన సాగర్ గేట్లన్నాను, హెలికాప్టరన్నాను, ముంబై నడక అన్నాను, అవన్నీ కొట్టేయండి. ఒక్కటి మాత్రం నేను పెంచి చెప్పలేదు.

ఆవిడ అడిగింది మూరెడే.