చివరి పాట దాకా దిగని మనిషి

మొన్న గంగారం వెళ్లే బస్సులో నా ముందు సీట్లో ఒక పెద్దాయన ఫోన్‌లో పాట పెట్టుకున్నాడు. ఆ ఫోన్ స్పీకర్ చీలిపోయినట్టుంది, డప్పు పడ్డప్పుడల్లా జర్రుమని ఒకటే మోత. వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు కూడా. నాకు మాత్రం ఆ మోత చెవిన పడగానే మనసంతా ఎటో పోయింది. రఫీ భాయ్ స్పీకర్ అచ్చం అలాగే మోగేది. ఆ స్పీకర్ మోగిన రైలుపెట్టె, అందులో కిటికీ పక్క సీటు, ఆ సీట్లో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని పాట వినే యాదగిరి సారు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. ఆయనే లేకపోతే ఇవాళ నా పేరుతో ఒక్క పాట కూడా ఉండేది కాదు. ఈ మాట ఆయన ముందు అని ఉంటే మాత్రం తిట్టకుండా వదిలేవారు కాదు.

మాది డోర్నకల్ దగ్గర తండా. ఇంట్లో మా భాష, గడప దాటితే తెలుగు. డిగ్రీ అయ్యాక కేసముద్రం మార్కెట్ ఎదురుగా ఒక జిరాక్స్ సెంటర్లో పనికి కుదిరి, రోజూ పొద్దున రైలుబండిలో వెళ్లి సాయంత్రం వచ్చేదాన్ని. ఆదివారాలు హనుమకొండలో ఒక చిన్న స్టూడియోలో కోరస్ పాడేదాన్ని. బతుకమ్మ పాటలు, జాతర పాటలు, పెళ్లి పాటలు కలిపి ప్రైవేటు ఆల్బమ్‌లని చేస్తారు కదా, అవి. ముందు ఒకరు పాడతారు, వెనక మేము కొందరం ఆడపిల్లలం పల్లవి అందుకుంటాం. మా పేర్లు ఎక్కడా పడవు. అయినా ఆ ఆదివారం కోసమే నేను వారమంతా బతికేదాన్ని. స్టూడియో తలుపు తప్ప పాటలోకి వెళ్లడానికి నాకు మరో దారి తెలియదు. ఈ సంగతి రైల్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునేంత గొప్పదని నాకే అనిపించలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు తెలియక వాళ్ల సీట్లో కూర్చున్నాను. మహబూబాబాద్‌లో ముగ్గురు ఎక్కి నా ఎదురుగా నిలబడ్డారు. వరంగల్ దవాఖానలో నర్సుగా చేసే సత్తెమ్మక్క, నెక్కొండలో ఫోన్లు బాగుచేసే రఫీ భాయ్, జనగామలో కాలువల ఆఫీసులో పనిచేసే యాదగిరి సారు. రోజూ తిరిగే వాళ్లకు రైల్లో సీటంటే పట్టా ఉన్న భూమి లాంటిదని నాకప్పుడు తెలియదు. సత్తెమ్మక్క నడుం మీద చేతులు పెట్టుకుని, "గిది మా జాగ పిల్లా. సరే తియ్యి, జరుగు, కూసుంటం. కని ఈడ కూసున్నోళ్లు పాట ఇని చెప్పాలె మల్ల," అంది. అదేం షరతో అర్థం కాక తలూపాను. ఆ ఊపిన తల ఇంకా ఊగుతూనే ఉంది.

వాళ్ల పద్ధతి ఏమిటంటే, వారానికొక ఆల్బమ్. బండి కదలగానే రఫీ భాయ్ స్పీకర్ కిటికీ మీద పెట్టేవాడు. ఒక పాట దాటేసి ఇంకో పాటకు వెళ్లడానికి వీల్లేదు. పాటకూ పాటకూ నడుమ కొట్లాట తప్పదు కాబట్టి, అరగంట ఆల్బమ్ జనగామ దాకా సాగేది. అభిప్రాయం చెప్పడానికి ఒకటే నియమం: ఎవరు ముందు దిగిపోతే వాళ్లు ముందు చెప్పాలి. అంటే మొదట కేసముద్రంలో నేను, తర్వాత నెక్కొండలో రఫీ భాయ్, ఆ తర్వాత వరంగల్‌లో సత్తెమ్మక్క. ఆఖరుకు సారు. నేను మొదటి రోజు లేచి నిలబడి, "మంచిగుంది సార్," అన్నాను. ఆయన కళ్లు తెరిచారు. "మంచిగుంది అన్న మాట కూర గురించి చెప్పు బిడ్డా, వండినామె సంతోషపడ్తది. పాట గురించి ఏమన్న ఉంటె చెప్పు." నాకు మండిపోయింది. "ఇన్నదే ఒకటిన్నర పాట, ఏం చెప్పాలె?" అన్నాను. "ఇన్నంత మటుకే చెప్పు. ఇననిదాని గురించి చెప్పేటోళ్లు ఊరినిండ ఉన్నరు," అన్నారు. బండి ఆగింది. దిగుతూ దిగుతూ, పాడినాయన రెండో చరణంలో ఊపిరి దొరక్క మాట మింగేశాడని అరిచి చెప్పాను. కిటికీలోంచి ఆయన నవ్వు వినబడింది.

తర్వాతెప్పుడో అడిగాను, ముందు దిగేవాళ్లే ముందు ఎందుకు చెప్పాలని. "చివరికి చెప్పేటోడు అందరి మాటలు ఇని, అండ్ల కొంత ఇండ్ల కొంత కలిపి చెప్తడు. ముందుగాల చెప్పేటోనికి తన మాట తప్ప ఇంకోటి ఉండది," అన్నారు. సత్తెమ్మక్క ఊరుకుంటుందా! "అయితె మీరు చెప్పేటియన్ని మా మాటలే అన్నట్టు?" అంది. "అవ్. అందుకే నేను చెప్పేటాళ్లకు ఇనేటోళ్లు ఎవలుంటలేరు," అన్నారు సారు. నిజమే, వరంగల్ దాటాక ఆ పెట్టెలో మావాళ్లెవరూ మిగలరు. చివరి పాట ఆయన ఒక్కరే వినేవారు. తెల్లారి మా ముగ్గురికీ దాని కథ చెప్పేవారు. ఆల్బమ్ చేసేవాళ్లు చివరి పాట ఎవరూ వినరని అనుకుంటారట, అందుకే భయం లేకుండా తమకు నచ్చినట్టు పాడేది అక్కడేనట. అది విని విని నాకు చివరి పాటల మీద ఒక రకమైన ఆశ పుట్టింది.

ఆయన దేవుడేమీ కాదు. మహా మొండి. డీజే బీటు వినబడితే చాలు, మొహం చేదు మందు తాగినట్టు పెట్టేవారు. ఒకసారి రఫీ భాయ్‌తో ఈ విషయంలో గొడవ పడి రోజుల తరబడి మాటలు మానేశారు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, "అక్కా, సార్‌ను జర పేపర్ ఇయ్యమను," "సత్తెమ్మా, ఆయనకు చాయ్ వచ్చిందని చెప్పు," అంటూ నడుమ ఆమెను చంపుకు తిన్నారు. తర్వాత ఒక పొద్దున ఎవరో కాలేజీ పిల్లలు మా పెట్టె తలుపు దగ్గర అలాంటి పాటే పెట్టి గంతులేస్తుంటే, సారు కాలు తాళం వేయడం రఫీ భాయ్ కంట పడింది. ఆ కాలు వంక చూశాడు. సారు కాలు వెనక్కి లాక్కుని, "అది నా మాట ఇంటలేదు భాయ్," అన్నారు. మేమంతా కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం. తన తప్పు తన కాలు మీదకు నెట్టేసి ఒప్పుకున్న మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను.

ఒక వారం రఫీ భాయ్ పెట్టిన జాతర పాటల ఆల్బమ్‌ను మొదటి దరువుకే గుర్తుపట్టాను. అది మా స్టూడియోది. వెనక పాడింది మేమే. కేసముద్రం వచ్చింది. చెప్పాల్సింది నేనే. "ఇయ్యాల దిగుతలేను, జనగామల పనుంది," అన్నాను. జిరాక్స్ సెంటర్ వాళ్లకు ఒంట్లో బాగాలేదని ఫోన్ చేశాను. రఫీ భాయ్ దిగుతూ డప్పు బాగా పలికిందన్నాడు, సత్తెమ్మక్క అమ్మవారి పాటలో భక్తి లేదంది. ఇక మేమిద్దరమే మిగిలాం. చివరి పాట అయిపోయాక సారు కళ్లు తెరిచి, "ఎనక పాడే ఆడపిల్లలల్ల ఒకామె ఉన్నది. మిగిలినోళ్లందరిని మింగుతున్నది. ఆమెకు కోరస్ పాడుడు రాదు," అన్నారు.

"ఆ గొంతు నాదే సార్," అన్నాను. ఆయన ఒక్క క్షణం తెల్లబోయారు. అయ్యో అంటారనీ, మాట మార్చేస్తారనీ అనుకున్నాను. లేదు. "అయితె నీకు కోరస్ రాదు బిడ్డా," అన్నారు మెల్లగా. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాకున్నదే ఆ ఒక్క దారి, అది కూడా నాది కాదంటే ఎక్కడికి పోవాలి? ఆయన నన్ను ఏడవనిచ్చి, తర్వాత అన్నారు: "కోరస్ పాడేటోళ్లు పక్కోళ్ల ఊపిరి ఇనుకుంట పాడాలె. అది చిన్న పని కాదు, చానా పెద్ద పని. నువ్వు ఇంటలేవు, నీ పాట నువ్వు పాడుకుంటున్నవ్. గొంతుది తప్పు కాదు, నువ్వు నిలబడ్డ జాగది తప్పు. తగ్గి పాడుడు నేర్చుకుంటవా, ముందుకొచ్చి నిలబడ్తవా? ఏదైన మంచిదే. నడుమల ఉంటె మాత్రం ఎటూ కావు." జనగామ స్టేషన్లో నాకు చాయ్ తాగించి, వెనక్కి వెళ్లే బండి ఎక్కించి మరీ ఆఫీసుకు వెళ్లారు. ఆ బండిలో నేను దారి పొడుగునా ఆయన్ను తిట్టుకుంటూనే ఉన్నాను.

కొన్నాళ్లు వేరే పెట్టెలో ఎక్కాను. కానీ ఆయన అన్నది నిజమని ఆ ఆదివారమే తేలిపోయింది. స్టూడియో నడిపే అన్న, "అనితా, జర తగ్గించుకో. లేకుంటె ఇంకో పిల్లను చూసుకుంట," అన్నాడు. తగ్గించాను. గొంతుకు తాడు కట్టి లాగినట్టుంది, మాట మాటకూ దగ్గొచ్చింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. లోపలికి వెళ్లి, "అన్నా, కోరస్ నాతోని కాదు. ముందు పాడ్త. మా భాషల ఒక పాట కూడ పాడ్త," అన్నాను. ఆయన నవ్వాడు. "మీ భాషల ఎవలింటరు పిల్లా?" అన్నాడు. "ఎందుకినరు? మా తండాలోళ్లకు చెవులు లేవా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని నాకే నమ్మకం కలగలేదు. ఆయన నవ్వు ఆపి, సరే చూద్దామన్నాడు. తెల్లారి మళ్లీ పాత పెట్టె ఎక్కాను. సత్తెమ్మక్క జరిగి జాగ ఇచ్చింది. సారు కళ్లు తెరవకుండానే, "ఏమైంది?" అన్నారు. "ముందుకే సార్," అన్నాను.

నేను ముందుండి పాడిన ఆల్బమ్ తయారయ్యే సరికి ఏడాది దాటింది. ఈలోగా సారు రిటైరై, భూపాలపల్లిలో కూతురి దగ్గరకు వెళ్లిపోయారు. గుండె జబ్బు చేసిందని రఫీ భాయ్ చెప్పాడు. మా ఆల్బమ్‌లో తెలుగు పాటలు ముందుంచి, చివర మా అమ్మ నేర్పిన ఢావ్లో పెట్టాను. పెళ్లిలో మా ఆడపిల్లలు పుట్టింటి వాళ్లను పట్టుకుని ఏడుస్తూ పాడే పాట అది. బయటికి వదిలే ముందు సారుకు వినిపించాలని భూపాలపల్లి బస్సెక్కాను. మనిషి సగమయ్యారు. నన్ను చూసి మంచం మీద లేచి కూర్చుని, కూతురు తెచ్చిన చాయ్ పక్కన పెట్టేసి, "పెట్టు," అన్నారు. అదే కళ్లు మూసుకోవడం. అన్ని పాటలూ విన్నారు. చివరి పాట నడుస్తున్నంత సేపూ ఆయన మొహం చూడలేక నేను గోడ వైపు తిరిగాను.

పాట ఆగింది. ఆయన, "బస్సు ఎప్పుడు?" అన్నారు. "ఇంకొంచెం సేపట్ల సార్." "అయితె ముందుగాల పొయ్యేది నువ్వే కద. చెప్పు," అన్నారు. నాకు అర్థం కాలేదు. "నా ఆల్బమ్ మీద నేనేం చెప్పాలె సార్?" అన్నాను. "ఎవలదైతేంది? ఇన్నవ్ కద, చెప్పు." తప్పించుకునే దారి లేదు. మొదలుపెట్టాను. మొదటి పాట జనం కోసం పాడాను, అందులో నేను లేను. రెండో పాటలో స్టూడియో అన్న కసురుతాడేమోనని భయపడుతూ పాడాను, ఆ వణుకు వినబడుతోంది. నాలుగో పాట తీసేసినా నష్టం లేదు. చెబుతూ ఉంటే నాకే విచిత్రంగా అనిపించింది, ఇవన్నీ నాకు ఎప్పటి నుంచో తెలుసు. చివరి పాట దగ్గరికి వచ్చాను. "ఇది మాత్రం నేనే సార్. దీంట్ల ఒక్క మాట మార్చను, ఎవలేమన్నా మార్చను," అన్నాను. ఆయన తలూపి, చల్లారిన చాయ్ అందుకున్నారు. "మీరు చెప్పలే," అన్నాను. "నేను తర్వాత చెప్త. పో బిడ్డా, బస్సు పోతది," అన్నారు.

ఆ తర్వాత చెప్పడం జరగలేదు. వానలు పడకముందే ఆయన పోయారు. వార్త విని ఏడ్చాను, చాలా ఏడ్చాను. మనిషి పోయినందుకు ఎంత ఏడ్చానో, ఆ ఒక్క మాట నాకు చెప్పకుండా పోయినందుకు అంత ఏడ్చాను. ఆల్బమ్ బయటికొచ్చింది. అందులో తండాలు దాటి వెళ్లింది ఆ చివరి పాటే. ఎవరెవరో ఫోన్ చేసి మంచిగుందన్నారు, సంతోషమే. కానీ దాని మీద ఆయన అభిప్రాయం ఏమిటో నాకు ఈ రోజుకూ తెలియదు. చాలా రోజులు అది లోటుగానే ఉండేది. ఇప్పుడు అంతగా అనిపించదు.

పోయిన ఆదివారం నా రెండో ఆల్బమ్ రికార్డింగ్ ముగిసింది. అన్నీ వరసగా విన్నాం. వాయించినవాళ్లు చప్పట్లు కొట్టారు, స్టూడియో అన్న లేచి స్వీట్లు తెప్పించబోయాడు. ఎవరూ నోరు తెరవకముందే నేనే అన్నాను: "మూడో పాట మళ్ల పాడ్త అన్నా. ఆడ అబద్ధం పాడిన." అన్న తల పట్టుకున్నాడు. నేను వెళ్లి మైకు ముందు నిలబడ్డాను.