ఆమేన్ అనే దాకా ఆపకూడదు

మా బ్యాండ్ పేరు ఇక్కడ రాయను. రాసినా మీరు విని ఉండరు, అనవసరంగా ఇద్దరికీ మొహమాటం. పన్నెండేళ్లుగా షికాగో చుట్టుపక్కల రాక్ సంగీతం వాయిస్తున్న ముగ్గురం మేము. గిటారూ గొంతూ నావి. బేస్ గిటారు వాయించే అతని అమ్మానాన్నలు వియత్నాం నుంచి వచ్చారు, పగలు అతను ఒక డెంటిస్టు దగ్గర జనం పళ్లు శుభ్రం చేస్తుంటాడు. డ్రమ్స్ వాయించే అమ్మాయిది కొరియన్ కుటుంబం, తనకి మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. నేను ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతాను. మమ్మల్ని ఇండిపెండెంట్ బ్యాండ్ అంటారు. ఏ రికార్డు కంపెనీ మన వైపు కన్నెత్తి చూడకపోతే, ఆ పరిస్థితికి మర్యాద కోసం పెట్టిన పేరు అది. మేము కూడా ఆ పేరే చెప్పుకుంటాం.

ఏడాదిలో పదకొండు నెలలు మేము మామూలు రాక్ బ్యాండ్, అంటే ఎవరికీ అక్కర్లేని బ్యాండ్. మే నెల వచ్చేసరికి మాత్రం ఆసియన్-అమెరికన్లం అయిపోతాం. అది ఆసియా వారసత్వ మాసం కదా, ప్రతి లైబ్రరీకీ ప్రతి పార్కుకీ ఒక ఆసియా బ్యాండ్ కావాలి. మా దగ్గరయితే ఒక్క ఫోన్ కాల్‌తో మూడు దేశాలు దొరుకుతాయి. ఏప్రిల్‌లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. జూన్ ఒకటో తారీఖు నుంచి మళ్లీ మా మానాన మేము.

ఈ మే నెలల్లో మమ్మల్ని పలకరించే స్థానిక విలేకరి ఒకాయన ఉన్నాడు. ఎంత మంచివాడంటే ప్రతి ఏడూ ఒకే ప్రశ్న అడుగుతాడు. "మీ సంగీతంలో మీ మూలాలు ఎక్కడ వినిపిస్తాయి?" అని. అడిగి, నా గిటారు వైపు అందులోంచి సితార్ బయటికి వస్తుందేమోనన్న ఆశతో చూస్తాడు. పాపం ఆయన్ని నిరాశపరచడం నాకూ ఇష్టం ఉండదు. కానీ మేము వాయించేది గరాజ్‌లో కారు తీసేసి వాయించే రకం మోత, అందులో మూలాలు దాక్కునేంత చోటు లేదు.

మనవాళ్లు ఇంతకంటే నయం అనుకునేరు. ఒకసారి ఊళ్లో తెలుగు సంఘం వాళ్లు పిలిచారు. "మీవి ఒక పాట వేసుకోమ్మా, ఆ తర్వాత రెండు మాస్ సాంగ్స్ కొట్టేయండి, పిల్లలు స్టెప్స్ ప్రాక్టీస్ చేసుకున్నారు," అన్నారు కార్యదర్శి అంకుల్.

"సినిమా పాటలు మేం ప్లే చెయ్యం అంకుల్."

"ఏం, రావా?"

ఆడలేక మద్దెల ఓడన్న మనిషిని చూసినట్టు చూశారాయన. ఆ సాయంత్రం మా బదులు ఒక లాప్‌టాప్ వాయించింది. అందరూ బాగుందన్నారట.

పన్నెండేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు అని. ముగ్గురం చర్చిలోనే నేర్చుకున్నాం, ఎవరి చర్చిలో వాళ్లం. రాక్ సంగీతం వాయించేవాళ్లు ఇలాంటివి బయటికి చెప్పుకోకూడదు, అందుకని మేము కూడా చెప్పలేదు.

షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఆదివారం పొద్దున అమెరికన్ల ఆరాధన అయిపోయాక, వాళ్ల కాఫీ వాసన ఇంకా పోకముందే, అదే హాలులో మా ఆరాధన మొదలవుతుంది. నాకు పదకొండేళ్లప్పుడు, అక్కడ గిటారు వాయించే బ్రదర్ ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయాడు. ఇప్పుడెలా అని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే సంఘ పెద్ద అయిన మా నాన్న లేచి, "మా పాప వాయిస్తుంది," అని ప్రకటించాడు. అప్పటికి ఆ పాప గిటారుని ముట్టుకోను కూడా లేదు. ఇంటికి వెళ్తూ దారిలో కొన్నాడు. రోజుకొక బైబిలు అధ్యాయం చదివించి నాకు తెలుగు ఎలా నేర్పాడో, ఇంటర్నెట్‌లో చూసి గిటారూ అలాగే నేర్పించాడు. నాకు వచ్చిన తెలుగూ సంగీతమూ రెండూ ఆయన పట్టుబట్టి కూర్చోబెట్టినవే.

ఆయన చెప్పిన నియమం ఒక్కటే. "ఎవరైనా ప్రేయర్ చేస్తుంటే వాళ్ల మాటల కింద మెల్లగా వాయిస్తూ ఉండాలమ్మా. ఆమేన్ అనే దాకా ఆపకూడదు. ఆపేశావనుకో, పాపం వాళ్లు ఒక్కళ్లే నిలబడిపోయినట్టుంటది."

అలా వాయించడానికి నాలుగు కార్డులు, అంటే తీగల మీద వేళ్లు పెట్టే నాలుగు పట్లు, చాలు. జీ, సీ, ఈ మైనర్, డీ. గానుగెద్దులా వాటి చుట్టూనే తిరగాలి. మా పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడితే దేశాధ్యక్షుడి దగ్గర్నుంచి పరీక్షలు రాసే పిల్లల దాకా ఎవర్నీ వదలరు, కాబట్టి చాలాసేపే తిరగాలి. ఆమేన్ వినపడగానే జీ మీదికి వచ్చి ఆగాలి. అప్పుడు అందరూ కళ్లు తెరుస్తారు.

అన్నిట్లోకీ నాకు పడనిది పంపే ప్రార్థన. మా సంఘంలో రెండు మూడు నెలలకొక కుటుంబం వెళ్లిపోయేది. ఒకరికి సన్నీవేల్‌లో ఉద్యోగం, ఒకరికి డాలస్‌లో ప్రాజెక్టు. వెళ్లే ముందు ఆదివారం ఆ కుటుంబాన్ని ముందుకు పిలుస్తారు. పాస్టరుగారు ఇంటాయన తల మీద చెయ్యి పెడతారు, పెద్దలు చుట్టూ నిలబడి చేతులు చాపుతారు, నేను జీ, సీ, ఈ మైనర్, డీ. నా మొదటి స్నేహితురాలు నా పన్నెండో ఏట అలాగే వెళ్లింది. తన బూట్ల వైపు చూస్తూ వాయించాను. ఆ తర్వాత ఇంకొకత్తె, ఆ తర్వాత ఇద్దరు కవలలు. వాళ్లందరూ ఏడ్చారు. నాకు ఏడవడానికి చేతులు ఖాళీ లేవు. ఇంటికి వచ్చి గిటారు మంచం కిందికి తన్నేదాన్ని, మళ్లీ ఆదివారానికి నాన్న దాన్ని బయటికి లాగి దుమ్ము తుడిచి పెట్టేవాడు.

అందుకని బ్యాండ్ పెట్టిన రోజున నేనూ ఒక నియమం పెట్టాను. మన స్టేజి మీద మెల్లగా వాయించడం లేదు, పాటకీ పాటకీ మధ్య ఉపన్యాసాలు లేవు. ఒకటి అయిపోగానే మా డ్రమ్మరు పుల్లలు నాలుగుసార్లు కొడుతుంది, ఇంకొకటి మొదలు. మా విలేకరి దాన్ని తిరుగుబాటు ధోరణి అని రాశాడు. నిజానికి అది భయం. మధ్యలో నిశ్శబ్దం వస్తే ఎవరో ఒకరు వెళ్లిపోతున్నామని చెబుతారని నా భయం.

అంత జాగ్రత్త పడ్డా ఏం లాభం. మొన్న ఏప్రిల్‌లో ప్రాక్టీసు అయిపోయాక పార్కింగ్ లాట్‌లో మా డ్రమ్మరు చెప్పింది, పడమటి తీరాన బాతెల్ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చిందని, జూన్‌లో వెళ్తున్నానని. తను చెప్పింది ఇంగ్లిష్‌లోనే, మీ కోసం తెలుగులోకి దించుతున్నాను. నేను కంగ్రాట్స్ అన్నాను. ఆ తర్వాత మూడు వారాలు తనతో మాట్లాడలేదు. ప్రాక్టీసులో పక్కనే ఉన్నా, బేస్ వాయించే అతనితో "ఆమెకి చెప్పు, స్పీడ్ పెరిగిపోతోంది," అనేదాన్ని. అతను పాపం అటు తిరిగి చెప్పేవాడు. రోజంతా పరాయివాళ్ల నోళ్లలో చేతులు పెట్టి వచ్చే మనిషి, సాయంత్రం మా ఇద్దరి నోళ్లూ తనే అయ్యాడు.

డ్రమ్మర్లు దొరకరని కాదు. షికాగోలో రాయి విసిరితే ఇద్దరు డ్రమ్మర్లకి తగులుతుంది. కానీ నేను పాట మధ్యలో ఊపిరి పీల్చడం మర్చిపోతానని తెలిసి, అక్కడ ఒక దెబ్బ ఆలస్యంగా వేసే డ్రమ్మరు ఒక్కతే. తను లేకపోతే బ్యాండ్ లేదని నాకు తెలుసు. నేను మొహం ముడుచుకుని తిరిగితే సిగ్గుపడి ఉండిపోతుందని ముప్ఫై నాలుగేళ్ల వయసులో ఒక పథకం వేశాను. ఉండకపోతే వీడ్కోలు కూడా చెప్పకూడదనుకున్నాను.

చివరి ప్రదర్శన మే నెలలో ఒక శనివారం, మధ్యాహ్నం రెండు గంటలకి, ఒక లైబ్రరీ పార్కింగ్ లాట్‌లో. ఒక పక్క డంప్లింగుల దుకాణం, ఇంకో పక్క ఉచితంగా గొడుగులు పంచుతున్న బ్యాంకు వాళ్ల గుడారం, మధ్యలో ఆసియా వారసత్వం, అంటే మేము.

మమ్మల్ని తీసుకొచ్చింది నాన్నే. యూనివర్సిటీ పిల్లల్ని ఆదివారాలు చర్చికి తీసుకురావడానికి కొన్న ఆయన వ్యాన్‌లో తప్ప మా సామాను పట్టదు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, పన్నెండేళ్లుగా ప్రతి రాక్ ప్రదర్శనకీ సంఘ పెద్దని వెంటబెట్టుకు వెళ్తున్నాం. ఆయన దించేసి వ్యాన్‌లోనే కూర్చుని ఫోన్‌లో ప్రసంగాలు వింటాడు. మా పాటలు ఒక్కసారి కూడా వినలేదు. "బాగా లౌడ్ కదమ్మా," అంటాడు. ఆ రోజు ఎండకి వ్యాన్ కాలిపోతుంటే తప్పక దిగి, బ్యాంకు వాళ్ల గొడుగు ఒకటి వేసుకుని, వెనక వరసలో మడత కుర్చీలో కూర్చున్నాడు.

చివరి పాటకి ముందు పుల్లల చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాను. చప్పుడు రాలేదు. మా డ్రమ్మరు లేచి వచ్చి నా మైకు ముందు నిలబడింది. నియమానికి విరుద్ధం. నేను రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని శిలావిగ్రహంలా నిలబడదామనుకున్నాను.

"నేను వచ్చే నెల వెళ్లిపోతున్నాను," అంది తను. "ఇదే నా లాస్ట్ షో."

నా ఎడమ చెయ్యి జీ మీదికి వెళ్లిపోయింది. నేను పంపలేదు. కుడి చేతి బొటనవేలు తీగల మీద మెల్లగా కదిలింది. జీ, సీ, ఈ మైనర్, డీ. మైకు ముందు ఎవరో వెళ్తున్నానంటే నా చేతులకి తెలిసిన పని అదొక్కటే. తను తిరిగి నా వైపు చూసింది. బేస్ అతను కూడా చర్చి పిల్లాడే కదా, కింది స్వరాల్లోంచి అందుకున్నాడు. అది విని మా డ్రమ్మరు తల వంచి కళ్లు మూసుకుంది.

"ఈమెకి నా మీద కోపం," అంది కళ్లు తెరవకుండానే. "నాకైతే భయంగా ఉంది. అక్కడ నాకెవరూ తెలీదు."

అంతే, మాటలు అయిపోయాయి. కానీ తను కదల్లేదు. మాటల కింద వాయిస్తుండగా ఎవరూ కదలరు, అది తనకీ తెలుసు. నేనూ ఆపలేదు. ఇంకో చుట్టు తిరిగాను, ఇంకోటి తిరిగాను. జనం ఇదేదో కళ అనుకుని ఫోన్లు పైకెత్తారు. అప్పుడు అర్థమైంది నాకు, ఇది నియమం కోసం వాయించడం కాదని. నేను వాయిస్తున్నంతసేపూ తను అక్కడే నిలబడి ఉంటుంది. ఆపకపోతే వెళ్లదు. ఆ క్షణంలో సాయంత్రం దాకా అలాగే వాయించమన్నా వాయించేదాన్ని.

"ఆమేన్!"

వెనక వరస నుంచి వచ్చింది. మైకు అవసరం లేని గొంతు. నాన్న లేచి నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో గొడుగు, ఇంకో చెయ్యి మా డ్రమ్మరు వైపు చాపి. ఆయన అన్నాక ఇద్దరు ఫిలిప్పీన్స్ బామ్మలు అన్నారు, డంప్లింగులు వేయిస్తున్నావిడ అంది. ఆసియా వారసత్వంలో సగం మంది చర్చికి వెళ్లేవాళ్లేనని ఆ నిర్వాహకులకి అప్పుడే తెలిసి ఉంటుంది.

ఆమేన్ అన్నాక జీ మీదికి రాక తప్పదు. వచ్చాను. తను కళ్లు తెరిచి వెనక్కి వెళ్లి, కూర్చుని, పుల్లలు నాలుగుసార్లు కొట్టింది. మా అన్ని పాటల్లోకీ గట్టి పాట వాయించాం. ఈసారి చేతులు ఖాళీ లేకపోయినా ఏడుపొచ్చింది. పాట మధ్యలో ఊపిరి మర్చిపోయాను, అక్కడ తను ఒక దెబ్బ ఆలస్యంగా వేసింది.

మా విలేకరి ఆ వారం పరవశించిపోయి రాశాడు. పన్నెండేళ్ల తర్వాత ఈ బ్యాండ్ ఎట్టకేలకు తన ప్రాచ్య మూలాలను వెలికితీసిందట, ఆ ధ్యాన నాదంలో తూర్పు దేశాల ప్రాచీన వేదన వినిపించిందట. ఆ నాలుగు కార్డులూ ఒకప్పుడు ఇక్కడి మిషనరీ దొరలు ఓడలో మా కోస్తాకి మోసుకొచ్చిన పాటల్లోవే, మా నాన్న వాటిని విమానంలో తిరిగి తెచ్చాడు. విలేకరి సంతోషాన్ని చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో నేను నాన్న పక్కన కూర్చున్నాను. వెనక సీట్లో బేస్ అతను కిటికీకి ఆనుకుని నిద్రపోతున్నాడు, మా డ్రమ్మరు చిన్న డ్రమ్ ఒళ్లో పెట్టుకుని బయటికి చూస్తోంది.

"మీ పాటలు పర్లేదమ్మా," అన్నాడు నాన్న చాలాసేపు ఆలోచించి. "కొంచెం గట్టిగా ఉన్నాయి అంతే."

"ఆమేన్ ఎందుకన్నావు నాన్నా? అదేమన్నా చర్చా?"

"నువ్వా, ఆపేట్టు లేవు. ఆ అమ్మాయి ఎంతసేపని నిలబడుద్ది తల్లీ? ఎవరో ఒకళ్లు పంపాలి కదా."

సిగ్నల్ దగ్గర వ్యాన్ ఆగింది. ఆయన ఎర్ర లైటు వైపే చూస్తున్నాడు. వెనక నుంచి మా డ్రమ్మరు ముందుకు వంగి, నాన్న ఏమన్నాడని అడిగింది.

నేను వెనక్కి తిరిగాను. మూడు వారాల తర్వాత తన మొహం చూసి నేరుగా నేనన్న మొదటి మాట అదే.

"నువ్వు వెళ్లొచ్చంటున్నాడు," అన్నాను.