విజయలక్ష్మి గారి గుమ్మంలో మగవాడి బూట్లు

ముందే చెప్తున్నా, ఎవరూ నవ్వకూడదు! నిన్న ఆఫీసులో నా పరువు గంగలో కలిసింది. పోతే పోయింది, ఒక పెద్దావిడ ఇల్లు మాత్రం నిలబడింది. అందుకే ఇలా హాయిగా కూర్చుని టీ తాగుతున్నా.

మీకు తెలుసుగా, నేను చేసేది ఇక్కడే నోవై ఊరి దగ్గర ఓ హౌసింగ్ ఆఫీసులో. ఆదాయం తక్కువున్నవాళ్ళకి ఇక్కడి గవర్నమెంటు అద్దెలో కొంత కడుతుంది. ఎవరికైనా పొరపాటున ఎక్కువ వెళ్ళిపోతే దాన్ని వెనక్కి రాబట్టే రికవరీ సెక్షన్‌లో నా డ్యూటీ. మా ఆయన నన్ను 'తహసీల్దారు గారూ' అని ఏడిపిస్తుంటాడు. ఏడిపించనీండి, నాకు లోపల్లోపల గర్వమే.

పోయిన నెల విజయలక్ష్మి గారని ఒకావిడ ఫైలు నా టేబుల్ మీదికొచ్చింది. అరవై ఎనిమిదేళ్ళు, భర్త పోయారు, ఒక్కర్తే ఉంటుంది. "ఆ ఇంట్లో మగ గొంతు వినిపిస్తోంది, ఇంకెవరో ఉంటున్నారు" అని ఎవరో కంప్లైంట్ పెట్టారట. రెండో మనిషి ఉంటే అతని సంపాదన కూడా చూపించాలి. చూపించకపోతే తీసుకున్న సాయం తిరిగి కట్టాలి. వెళ్ళి చూసి రమ్మన్నారు.

ఆ రోజు ఒకటే మంచు. నా బూట్లేమో తడిసి ముద్దయిపోయాయి. ఇంకేం చేస్తాను, రెండు జతల సాక్సులేసుకుని మా ఆయన బూట్లలో కాళ్ళు దూర్చేశా. పడవలే అనుకోండి! కారు దిగి ఆవిడ గుమ్మం దాకా ఎలా నడిచానో నాకే తెలీదు.

తలుపు తీస్తూనే ఆవిడ, "అయ్యో తెలుగమ్మాయివా! రామ్మా, లోపలికి రా" అంది. మనకి అలవాటేగా, గుమ్మంలోనే బూట్లు విప్పేసి లోపలికెళ్ళా. కాఫీ పెడతానంది. "వద్దండీ, డ్యూటీలో ఉన్నా" అని మొహం సీరియస్‌గా పెట్టా. రూల్ ప్రకారం ప్రతి చోటా ఫోటో తీయాలి. పడగ్గది, వంటగది, బాత్‌రూమ్, ఆఖర్న గుమ్మం. టకటకా తీసేసుకుని వచ్చేశా.

వారం తర్వాత తీరిగ్గా ఫోటోలు తెరిచానా... గుమ్మంలో ఆవిడ బుల్లి చెప్పుల పక్కన ఇంతింత నల్ల బూట్లు! మగవాడివి! "దొరికాడు!" అని కుర్చీలోంచి లేచి నిలబడ్డా. మా సూపర్‌వైజర్ లిండా కూడా చూసి భలే పట్టావంది. ఇంకేముంది, ఏడాది సాయం తిరిగి కట్టమని లెటర్ పంపించేశా. కట్టలేకపోతే సాయం ఆగిపోతుంది, ఆవిడ ఇల్లు ఖాళీ చేయాల్సిందే.

నిన్న ఆవిడ ఆఫీసుకొచ్చింది. చీర మీద లావుపాటి కోటు, చేతిలో నా లెటర్. సరిగ్గా నిద్రపోయినట్టు లేదు, కళ్ళు లోపలికి పోయాయి.

"ఈ వయసులో నా ఇంట్లో మగమనిషేంటమ్మా? నాకు సరిగా వినపడదు. ఒంగోల్లో ఉన్న మా తమ్ముడితో ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని మాట్లాడతా. వాడి గొంతే అయ్యుంటుంది" అంది.

జాలేసింది. కానీ నా దగ్గర సాక్ష్యం ఉందిగా! లిండా ఎదురుగా ఫోటో టేబుల్ మీద పెట్టి, "మరి ఈ బూట్లెవరివండీ?" అన్నా.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఫోటో చూసింది. నన్ను చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

"ఇవి నువ్వేసుకొచ్చినవేగా తల్లీ! అంతంత బూట్లతో మంచులో ఎక్కడ జారిపడతావోనని, నువ్వు కారెక్కేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నా."

కొంప మునిగింది! "ఏమంటోంది?" అని లిండా అడిగింది. ఆ గదిలో తెలుగొచ్చింది మా ఇద్దరికే. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆవిడ చేతిలో నా లెటర్ ఇంకా అలాగే ఉంది. సిగ్గేసింది. నిజంగా ఏడుపొచ్చింది.

"ఆ బూట్లు మా ఆయనవి" అన్నా లిండాతో.

లిండా కళ్ళు ఇంతయ్యాయి. "మీ ఆయన ఆవిడింట్లో ఉంటున్నాడా?"

"ఓరి దేవుడా! కాదు లిండా!" అని మంచు దగ్గర్నుంచీ సాక్సుల దాకా, ఆవిడ తమ్ముడి ఫోను సంగతితో సహా మొత్తం చెప్పుకున్నా. లిండా టేబుల్ మీద తలపెట్టి నవ్వీ నవ్వీ, ఆఖరికి "ఈ కేసు మూసెయ్" అంది. ఇంగ్లీషు అర్థంకాక ఆవిడ కంగారుపడుతుంటే, "కేసు కొట్టేశారండీ. మీరు పైసా కట్టక్కర్లేదు, ఇల్లు మీదే. తప్పంతా నాది, క్షమించండి" అని చేతులు పట్టుకున్నా. అప్పుడు నవ్వింది చూడండి ఆవిడ! కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే నా బుగ్గ గిల్లి మరీ నవ్వింది.

ఫైలు మూయాలంటే ఓ ఫారం నింపాలి. అందులో 'ఆ ఇంట్లో దొరికిన రెండో మనిషి వివరాలు' అని ఓ గడి ఉంది. ఖాళీగా వదిలేద్దామంటే లిండా ఒప్పుకోదే! నా చేతే రాయించింది: "మనిషి దొరికింది. మన ఆఫీసులోనే, రికవరీ సెక్షన్‌లో పనిచేస్తోంది."