బాయక్క నేర్పిన ఈత

ఆ రోజుల్లో ఉద్యోగ దరఖాస్తుల చివర "ఇతర అభిరుచులు" అని ఒక గడి ఉండేది. ఉద్యోగం రావడానికీ ఆ గడికీ ఏ సంబంధమూ లేదని అందరికీ తెలుసు. అయినా దాన్ని ఖాళీగా వదిలేస్తే మనిషే ఖాళీ అనుకుంటారేమోనని ఒక భయం. నా పక్కన కూర్చుని ఫారం నింపుతున్న అతను "చదరంగం" అని రాయడం ఓరకంట చూశాను. నాకు నిజంగా ఉన్న అభిరుచులు రెండే: మధ్యాహ్నం నిద్ర, వేయించిన పల్లీలు. అవి రాయలేను కదా. కాస్త గంభీరంగా ఉండాలి, ఎవరూ పరీక్ష పెట్టలేనిదై ఉండాలి అని ఆలోచించి "ఈత" అని రాశాను. ఫైళ్ల మధ్య కూర్చోబెట్టి నన్ను ఎవరు ఈదమంటారు? ఇరవై మూడేళ్ల వయసులో నా తెలివి మీద నాకు అంత నమ్మకం ఉండేది.

అసలు సంగతేమిటంటే నాకు నీళ్లంటే భయం. మాది సిర్గాపూర్ వైపు ఒక పల్లె. "బాయి దిక్కు పోయినవంటే కాళ్లిరగ్గొడ్త" అని మా అమ్మ రోజూ చెప్పేది. అన్ని ఇళ్లలో అమ్మలూ అదే మాట చెప్పేవాళ్లు కానీ, విన్నవాణ్ణి ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే. నా ఈడువాళ్లంతా వ్యవసాయ బావుల్లో దూకి ఈత నేర్చుకుంటుంటే నేను ఒడ్డున వాళ్ల చొక్కాలకు కాపలా ఉండేవాణ్ణి. (ఒక్క చొక్కా కూడా పోలేదు. ఆ సంగతి ఏ దరఖాస్తులోనూ అడగలేదు.)

ఉద్యోగం నారాయణఖేడ్‌లో వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను, నాతో పనిచేసినవాళ్లు కొందరు ఇంకా పెన్షన్ తీసుకుంటున్నారు. చేరిన నాలుగో నెలలో మా పెద్దసారు పిలిచారు. ఆయన ఎదుట హైదరాబాద్ నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి, దాని పక్కన నా దరఖాస్తు. ఉద్యోగుల ఆటల పోటీలట, ప్రతి ఆఫీసు నుంచీ ఎవరో ఒకరు వెళ్లాలట.

"కబడ్డీకి ఇద్దరున్నరు. పరుగుకు అటెండరు పోతుండు. యాభై మీటర్ల ఈతకు నువ్వే," అన్నారు ఆయన.

నేను ఏదో అనబోయాను.

"ఈత వస్తదని నువ్వే రాసినవ్ గదా?"

"వస్తది సార్," అంది నా నోరు, నన్ను అడక్కుండానే. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. చేరేటప్పుడే అబద్ధం రాశానని తెలిస్తే ఏమవుతుందోనన్న భయం ఒకపక్క, యాభై మీటర్ల నీళ్లు ఇంకోపక్క. పోటీలకు రెండు నెలల వ్యవధి ఉంది. బయటికొచ్చి జీపు చాటున నిలబడి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని, మా జీపు డ్రైవరుకు మొత్తం చెప్పాను. అతన్ని ఆఫీసులో చిన్నాపెద్దా అందరం "జీపు మామ" అనేవాళ్లం. అతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "పరేషాన్ కాకు. మా అక్క ఉంది," అన్నాడు.

కల్హేర్ పోయే దారిలో ఉండేది ఆ ఊరు. బావిని అక్కడ బాయి అంటారు కాబట్టి ఆవిడ ఊరందరికీ బాయక్క. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండు కట్టెలా ఉండేది. బావిలో మోటరు పైపు అడుగున చెత్త ఇరుక్కుని నీళ్లు ఎక్కకపోతే చుట్టుపక్కల రైతులు ఆవిడ కోసమే వచ్చేవాళ్లు. ఆవిడ మునిగి, పైపు మూతికి చుట్టుకున్న నాచూ గుడ్డపీలికలూ చేత్తో లాగేసి పైకి వచ్చేది. మేం వెళ్లిన రోజు అదే పని మీద ఉంది. ఒక రైతు ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూ, "జల్దీ కానీ అక్క, కరెంటు పోతది," అని తొందరపెడుతున్నాడు. ఆవిడ ఆఖరి మెట్టు మీద కూర్చుని, చీర బిగించి కట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా మూడుసార్లు నిదానంగా గాలి పీల్చి వదిలింది. "ఆగు. దిగినంక జల్దీ జేస్త," అని ఒక్క మాటంది. దిగింది. నేను లోపల లెక్కపెడుతూ అరవై దాటేసరికి నాకే ఊపిరాడలేదు. అప్పుడు ఆవిడ తల పైకి తేలింది, చేతిలో ఎవరిదో పాత తువ్వాలుతో.

నా కథంతా విని బాయక్క నవ్వలేదు. "రేపు పొద్దుగాల ఆరింటికి రా. ఆదివారం రాకు, నేను చర్చికి పోత," అంది.

మర్నాటి నుంచి సైకిలు మీద వెళ్లడం మొదలుపెట్టాను. మొదటిరోజే ఎగిరి దూకమంటుందేమోనని రాత్రంతా నిద్రపోలేదు కానీ, వారం రోజులపాటు ఆవిడ నన్ను నీళ్లలో మునిగిన మెట్టు దాటి దిగనివ్వలేదు. గొంతుదాకా నీళ్లలో కూర్చోబెట్టి, ముఖం ముంచి ఊపిరి వదలమనేది. నేను వదలకుండా బిగపట్టేవాణ్ణి.

"పట్టుడు గాదు తమ్మీ, ఇడువాలె. పట్టుకున్నోడే మునుగుతడు."

"ఎన్ని రోజులక్కా ఇట్ల?"

"నీకు యాద్ లేకుండ ఊపిరి ఇడిసేదాక."

తర్వాత నడుముకు ఎండిన బెండ్లు కట్టి నీళ్లలోకి వదిలింది. బెండ్లున్నన్నాళ్లూ నేను గొప్ప ఈతగాణ్ణి. జీపు మామకు కాళ్లూ చేతులూ ఎలా ఆడించాలో ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. (అతనికి పుట్టినప్పటి నుంచీ ఈత వచ్చు. మర్యాదగా విన్నాడు.) బెండ్లు విప్పిన రోజున మాత్రం ఆవిడ కొప్పు రెండు చేతులా పట్టుకుని వేలాడాను. బాయక్క నా చెంప మీద ఒక్కటిచ్చి, చేతులు విడిపించి దూరం జరిగింది. రెండు గుక్కలు నీళ్లు తాగాను. మా అమ్మ, పెద్దసారు, ఆ దరఖాస్తు గడి, అన్నీ వరసగా కళ్ల ముందు కనిపించాయి.

"నీళ్లు నిన్నేం జేస్తలేవు. నువ్వే నీళ్లను కొడ్తున్నవ్. కొట్టుడు బంద్ జెయ్," అంది ఆ గొంతు, ఏమీ జరగనట్టు.

కొట్టడం ఆపాను. తేలాను. అంతే. ఇరవై మూడేళ్ల భయం ఇంత మామూలుగా పోతుందని తెలిస్తే ముందే ఎవరి చేతైనా చెంపదెబ్బ తినేవాణ్ణి.

ఆవిడ దగ్గర గొప్ప విద్యలేవీ లేవు, అలవాట్లున్నాయి. చలిగా ఉన్నా, ఒళ్లు నొప్పులున్నా ఆరింటికి రావాల్సిందే. రానని కబురు పంపితే, బాయి ఎక్కడికీ పోలేదని, రమ్మని తిరుగు కబురు వచ్చేది. దిగే ముందు ఛాతీ తడుపుకోవాలి, కాసేపు మాట్లాడకుండా కూర్చోవాలి. ఊళ్లో పిల్లలు నా పక్కనే చేపల్లా దూసుకుపోతుంటే వాళ్లను చూసి నేను గాభరాపడేవాణ్ణి. "ఆళ్లు ఆళ్ల ఈత ఈదుతుండ్రు. నీకేంది? నీ చెయ్యి నువ్వు లెక్కవెట్టుకో," అనేది. లెక్కపెడితే ఆ బావి ఈ గోడ నుంచి ఆ గోడకు నాకు సరిగ్గా పద్నాలుగు చేతులు. జీపు మామ తాడుతో కొలిచి, అలా అయిదుసార్లు పోతే యాభై మీటర్లని తేల్చాడు. పద్నాలుగు చేతులు, గోడ ముట్టడం, తిరగడం. మళ్లీ పద్నాలుగు. ఒకరోజు బాగా ఈది, మర్నాడు సగంలో ఆయాసపడి, "నిన్న ఎంత మంచిగొచ్చిందక్కా," అని ఏడుపుముఖం పెడితే, "నిన్న ఎట్ల ఈదినవో నీళ్లకు యాదుండదు. నువ్వెందుకు యాదివెట్టుకుంటవ్," అంది. రెండు నెలలు గడిచేసరికి ఆ లెక్క నా ఒంటికి పట్టింది. ఆఫీసులో ఫైళ్లు కూడా పద్నాలుగేసి చొప్పున కట్టలు కడుతున్నానని మా హెడ్ క్లర్కు విసుక్కున్నాడు.

హైదరాబాద్‌లో ఆ యాభై మీటర్ల ఈతకొలను చూసి గట్టుకు నాలుగడుగుల ఇవతలే ఆగిపోయాను. లోతు చూసి కాదు. అడుగు కనిపిస్తోంది. అడుగున పరిచిన నీలం పలకలు కూడా ఎంచవచ్చు. అంతవరకు నేను ఈదిన నీళ్లు ఆకుపచ్చగా, ఏమీ చెప్పకుండా ఉండేవి. ఇక్కడ నేనెంత పైన ఉన్నానో స్పష్టంగా తెలుస్తోంది. మిగతా ఏడుగురూ గట్టు మీద నడుం వంచి, దూకబోయే కప్పల్లా తయారుగా ఉన్నారు. నేను మాత్రం బస్సు కోసం చూస్తున్నవాడిలా నిటారుగా నిలబడ్డాను. ఈల ఊదారు. వాళ్లు బాణాల్లా వెళ్లారు. నేను ముక్కు పట్టుకుని, కాళ్లు ముందు పెట్టి దూకాను.

అయినా మొదలు బాగానే ఉంది. ఊపిరి దానంతటదే బయటికి పోతోంది. పక్కవాళ్లను చూడలేదు. (చూద్దామన్నా పక్కన ఎవరూ లేరు.) పన్నెండు, పదమూడు, పద్నాలుగు. చెయ్యి చాపాను. గోడ లేదు. కానీ రెండు నెలల అలవాటు గోడ ఉందో లేదో చూసుకోదు కదా. ఒళ్లు దానంతటదే గిరుక్కున తిరిగింది. నేను ఎంతో శ్రద్ధగా, చక్కని వరసలో, బయలుదేరిన చోటికే ఈదుకుంటూ రాసాగాను.

గట్టు మీద నవ్వులు వినిపించి తల ఎత్తాను. ఈల ఊదిన పెద్దమనిషి రెండు చేతులతో "అటు, అటు" అని సైగ చేస్తున్నాడు. పక్కన వరసకు కట్టిన తాడు ఉంది. దాన్ని పట్టుకుంటే ఎవరో ఒకరు లాగుతారు, ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు, నారాయణఖేడ్‌లో ఎవరికీ తెలియదు. తాడు వైపు చెయ్యి సగం వెళ్లింది కూడా. అప్పుడు బాయక్క మాట గుర్తొచ్చింది. నిన్నటిదే నీళ్లకు గుర్తుండదంటే, ఇప్పుడు చేసింది మాత్రం ఎందుకు గుర్తుంటుంది? చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తిరిగాను. ఒకటి నుంచి మొదలుపెట్టాను. పద్నాలుగు తర్వాత పదిహేను అనడం అంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు.

నేను అవతలి గోడ ముట్టేసరికి మిగతా ఏడుగురూ తలలు తుడుచుకుని చొక్కాలు తొడుక్కుంటున్నారు. ఒకాయన అప్పటికే టీ తాగుతున్నాడు. నాకు చెయ్యి అందించి పైకి లాగింది ఆయనే.

సోమవారం పెద్దసారు ముందు నిలబడి జరిగిందంతా చెప్పేశాను, దరఖాస్తులో రాసిన అబద్ధంతో సహా. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండా విన్నారు.

"ఈత రాదని నువ్వు ఆ రోజే చెప్తవనుకున్న. చెప్పలె. మల్ల నాకు జీపు మామ చెప్పిండు, నువ్వు రోజు బాయికి పోతున్నవని. ఇగ ఆపుడెందుకని ఊకున్న," అన్నారు. ఆ పైన, "ఆఖరుకొచ్చినా సంతకం వెట్టాలె, రిపోర్టు రాయి," అన్నారు. (జీపు మామ వేసిన ఒట్టు గురించి అతన్ని అడిగితే, జీపు చాటున వేసిన ఒట్టు జీపు లోపల చెల్లదన్నాడు.)

బాయక్కకు చెప్పడమే కష్టమైంది. మధ్యలో వెనక్కి తిరిగిన చోట ఆవిడ మొదటిసారి నవ్వడం చూశాను. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, కొంగుతో తుడుచుకుని, "ఆఖరిదాక పోయినవా?" అని అడిగింది. పోయానన్నాను. "ఇంకేంది మరి," అంది. మళ్లీ తనే, "నీళ్లల్ల అడుగు కనవడ్తదంటివి, నిజమేనా? నేను నలభై ఏండ్ల నుంచి మునుగుతున్న, ఒక్క బాయి అడుగు చూడలె. చేతులతోనే తెలుస్తది నాకు," అంది.

మరుసటి వేసవిలో ఆ కొలను చూపించడానికి బాయక్కనూ జీపు మామనూ హైదరాబాద్ తీసుకెళ్లాను. ఆవిడ గట్టు మీద చెప్పులు విడిచి కూర్చుని, నీళ్ల అడుగును చాలాసేపు చూసింది. పిల్లలు దూకుతున్నారు, మునుగుతున్నారు, తేలుతున్నారు.

"గీళ్లు ఏం తియ్యనీకి మునుగుతుండ్రు తమ్మీ?"

"ఏం లేదక్కా. ఉత్తగనే."

ఆవిడ "ఉత్తగనే," అని తనలో తాను ఒకసారి అనుకుని, పాదాలు రెండూ నీళ్లలోకి జార్చి, సాయంత్రం గేటు మూసేదాకా లేవలేదు.

ఇప్పుడు బాయక్క లేదు. నేను రిటైరయ్యాను, మోకాళ్ల కోసం డాక్టరు చెబితే పొద్దున్నే కొలనుకు పోతున్నాను. అక్కడ కొత్తగా వచ్చేవాళ్లు భయపడుతుంటే దగ్గరికి వెళ్లి, వయసులో నేను ఉద్యోగుల పోటీల్లో ఈదినవాణ్ణని చెప్పి ధైర్యం చెబుతాను. వాళ్లు గౌరవంగా చూస్తారు. ఎన్నో స్థానం వచ్చిందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మంచివాళ్లు.