బొగ్గు డబ్బా, ఎడమ కనుబొమ్మ

పిల్లను చూడబోయే ముందురోజు మగవాడు చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. కొత్త మంగలి దగ్గర తల వంచకూడదు, కొత్త చెప్పులు తొడగకూడదు. నేను చేసిన పని గురించి మాత్రం పెద్దలెవరూ హెచ్చరించలేదు. అలాంటి పని ఒకడు చేస్తాడని వాళ్లకు తోచి ఉండదు. ఆ ఒక్క పనితో మా బావ కొత్త కారు, మా అవ్వ మక్కకంకులు, నా ఎడమ కనుబొమ్మ, హుజూరాబాద్ సంబంధం అన్నీ ఆపదలో పడ్డాయి. మిగతావి ఎలాగో కోలుకున్నాయి. కంకులు కోలుకోలేదు.

మాది నస్పూర్. భూమి కింద బొగ్గు, ఇంటి ముందు బొగ్గు, ఆరేసిన ధోవతి మీద బొగ్గు. తొంభైల చివర్లో నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, జీపుల షెడ్డులో పనికి కుదిరాను. డీజిల్ అన్న మాట మీరు గుర్తుంచుకోండి. నేను మరిచిపోయినందుకే ఇంత కథ.

అప్పటికే నన్ను చూసినవాళ్లంతా "కబురు వెడతం" అని లేచిపోయినవాళ్లే. ఒక్క కబురూ రాలేదు. అదంతా నా నోటి దూల వల్లనేనని నన్ను కన్న మా అవ్వ నమ్మకం.

"హుజూరాబాద్ సంబంధం గిట్ల పోయిందంటే ఇగ నీకు పిల్లను నేను చూడ. నువ్వు, నేను పొయ్యికాడ ఎదురెదురుంగ కూసుందం" అని తేల్చి చెప్పింది. ఆమె ఎదురుగా ముసలివాడినయ్యే దాకా కూర్చోవడం తలుచుకుంటే నాకు నిజంగానే భయం వేసింది.

మా అక్క భర్త దుబాయ్‌లో క్రేన్ నడుపుతాడు. సెలవు మీద వచ్చి హైదరాబాద్ నుంచి కొత్త పెట్రోల్ కారు తెచ్చాడు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయనివ్వలేదు. ఎండపూట అందులో కూర్చుని లేస్తే వీపు చర్మం కొంత సీటుకే ఉండిపోయేది.

"బామ్మర్దీ, రేపు నా కార్ల పోదం" అన్నాడు బావ. "పిలగాడు బస్సు దిగుడు వేరే, కారు దిగుడు వేరే."

దిగేవాడు ఒకడే కదా బావా అనబోయి, అవ్వ చూపు తగిలి మింగేశాను. మింగిన మాట కడుపులోకి పోయి కృతజ్ఞతగా మారింది. నాకు కృతజ్ఞత పుట్టినప్పుడల్లా ఎవరిదో ఒక వస్తువు పాడవుతుంది. బావకు ఉన్నది ఒకటే దిగులు, "బండి మంచిదే గని పెట్రోల్ మస్తు తాగుతున్నది" అని. ఆ దిగులు తీర్చి రుణం ఉంచుకోవద్దనుకున్నాను. ఆయన అన్నం తిని పడుకోగానే బోనెట్ లేపాను.

మూలన ఒక నల్లటి డబ్బా కనిపించింది. ఒక గొట్టం పెట్రోల్ ట్యాంకు నుంచి దానికి వస్తోంది, ఇంకొకటి దాన్నుంచి ఇంజన్‌కు పోతోంది. మా షెడ్డులో ఏ జీపుకూ ఇలాంటిది లేదు. అంటే ఇదే దొంగ, దారిలో కూర్చుని పెట్రోల్ తాగుతున్నది ఇదే అని తీర్పు చెప్పేశాను. రెండు గొట్టాలూ పీకి, డబ్బాను రంపంతో కోశాను. మిరియాల లాంటి నల్లటి గింజలు జలజలా రాలాయి. నా నవ్వు విని అవ్వ బయటకు వచ్చింది.

"ఏందిరా అది?"

"బొగ్గు, అవ్వా. నస్పూర్ల బొగ్గుకు కరువని కార్ల వెట్టి పంపిండ్రు."

"పెట్రోల్ బండిల బొగ్గెందుకురా?"

"నేనూ గదే అంటున్న. ఉత్త బరువు. తీసేసిన, రేపటి సంది బావకు పెట్రోల్ మిగుల్తది."

అవ్వ ఒక గింజ తీసి వాసన చూసింది. "పెట్రోల్ కంపు కొడుతుంది గదరా."

"పెట్రోల్ కారుది పెట్రోల్ కంపు కొట్టక మల్లెపూల వాసనొస్తదా?"

ఈ మాట అన్నది డీజిల్ మెకానిక్ చదివినవాడు కాబట్టి అవ్వ నమ్మింది. మా ఇంట్లో ఏదీ పారేయరు. అవ్వ అప్పుడే కుంపటి రాజేసి మక్కకంకులు పెట్టింది. ఆ గింజలన్నీ అందులో గుమ్మరించి, బాగా అంటుకోవాలని నేనే వంగి ఊదాను.

భగ్గుమంది. మంట చూరు దాకా లేచి, ముఖం చూపించి పోదామని వచ్చిన దూరపు చుట్టంలా క్షణంలో వెళ్లిపోయింది. పోతూ పోతూ నా ఎడమ కనుబొమ్మను వెంట తీసుకుపోయింది. అవ్వ ముందు కంకులను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"కంకులు ఖరాబైనయ్" అంది.

అక్క ఉరికి వచ్చి నా మొహాన్ని అటూ ఇటూ తిప్పింది. "తమ్మీ, నీ మొఖంల ఏదో తక్కువైంది."

బావ లేచాక కుంపటి నిప్పురవ్వ ఎగిరిందని చెప్పాం. డబ్బా సంగతి ఎత్తలేదు. మైలేజ్ పెరిగాక ఒకేసారి చెప్పి శాలువా కప్పించుకుందామని నా ఆలోచన.

తెల్లారి అక్క కాటుకతో కనుబొమ్మ గీసింది. అక్కకు చిత్రలేఖనం రాదు. దాన్ని నుదుటి మధ్యకు పైకి లేపి గీసింది. నా కుడి సగం పెళ్లికొడుకులా ఉంటే, ఎడమ సగం ఎవరో పోయారని కబురు విన్నట్టు ఉంది.

శ్రావణమాసమే గాని వాన జాడ లేదు, ఎండ దంచుతోంది. పెద్దపల్లి దాటేసరికి కారులో పెట్రోల్ వాసన నిండింది. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"బామ్మర్దీ, ఏందీ వాసన?"

"కొత్త బండి గదా బావా."

"నిన్నటిదాక సుత కొత్తదే గదా."

నేను కిటికీ అద్దం కిందికి దించాను. ఎక్కడ ఆపినా కారు జ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోతోంది. రైల్వే గేటు దగ్గర బావ విసుగొచ్చి సిగరెట్ తీశాడు.

"వద్దు బావా" అని చేయి పట్టుకున్నాను. "శ్రావణమాసం."

"శ్రావణంల సిగరెట్ వద్దని ఎవడు చెప్పిండు?"

"నేనే మొక్కుకున్న. నీ పేరు మీద."

హుజూరాబాద్‌లో పిల్ల తండ్రికి ఎరువుల దుకాణం ఉంది. గడపలోనే ఎదురొచ్చి మర్యాదగా ముక్కు ఎగబీల్చాడు. "పిలగాడు షెడ్డుల అన్నరు. పెట్రోల్ బంకులనా?"

ముందుగదిలోనే అందరికీ కనబడేట్టు ఫ్రిజ్ పెట్టారు. పిల్ల పేరు స్వరూప. మంచినీళ్ల సీసా కోసం ఆమె తలుపు తీస్తే లోపల గిన్నె నిండా బొగ్గులు కనిపించాయి. బావ ఆశ్చర్యపోయాడు.

"ఫ్రిజ్ల బొగ్గులెందుకమ్మా?"

"వాసన గుంజుకుంటయి. లేకుంటే ఎల్లిపాయ తొక్కు వాసన పాలకు పడ్తది" అంది స్వరూప. "నిండినంక ఎండల వెడితే మొత్తం ఇడిసిపెడ్తయి. మళ్ల వాడుకోవచ్చు."

నేను కోసిన నల్ల డబ్బా ఎందుకో నాకు అప్పుడు వెలిగింది. ఎండకు ట్యాంకులో పెట్రోల్ ఆవిరవుతుంది. ఆ ఆవిరి బయటికి పోకుండా డబ్బాలోని బొగ్గు పట్టి దాచుకుంటుంది. ఇంజన్ నడిచినప్పుడు ఆ దాచినదాన్ని పీల్చుకుని కాల్చుకుంటుంది. అంటే అది పెట్రోల్ తాగే దొంగ కాదు, పారిపోయే పెట్రోల్‌ను పట్టి తెచ్చే కాపలాదారు. నేను కాపలాదారును రంపంతో కోసి, అతని పొట్టలోని పెట్రోల్ ఆవిరితో కంకులు కాల్చాను. గొట్టాల్లో ఒకటి ఆవిరిని మా ముక్కుల్లోకి వదులుతుంటే, రెండోది ఉత్త గాలి పీల్చి ఇంజన్‌ను వణికిస్తోంది.

బావ కూడా ఆలోచిస్తున్నాడని ఆయన మెడ మెల్లగా నావైపు తిరగడంలో తెలిసింది.

"బామ్మర్దీ, నా కార్ల గిట్ల బొగ్గేమన్న ఉంటదా?"

"ఇప్పుడైతే లేదు బావా."

"ఏడవాయె?"

"కంకులల్లకు."

నాకు చెమటలు కారాయి. స్వరూప నా మొహంలోకి వంగి చూసి, చాలా మర్యాదగా చెప్పింది. "మీ కనుబొమ్మ చెంప మీదికి దిగింది."

ఇక దాచడానికి ఏం మిగల్లేదు. చేతిరుమాలుతో కాటుక తుడిచేసుకుని, రంపం నుంచి కుంపటి దాకా అంతా చెప్పేశాను. అవ్వ కళ్లు మూసుకుంది. పొయ్యి దగ్గర నా స్థలం చూసుకుంటోందని అర్థమైంది. స్వరూప కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఆమె తండ్రి లేచి, నాకు కంఠతా వచ్చిన ఆ మాటే అన్నాడు.

"కబురు వెడతం."

తిరుగుదారిలో కరీంనగర్ దాటాక బావ అద్దంలో నన్ను చూశాడు. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "కంకులన్న మంచిగున్నయా?"

ఈసారి కబురు వచ్చింది. పిల్ల తండ్రి స్వయంగా వచ్చి, అవ్వ ముందు మంచం మీద కూర్చున్నాడు. "పిలగాన్ని నేనైతె వద్దన్న. మా బిడ్డ ఇనలే. కనుబొమ్మనే దాసలేనోడు రేపు నాకాడ ఏం దాస్తడు బాపూ, అన్నది."

నా తెలివికి, ఉద్యోగానికి, బావ కారుకు పడని పిల్ల నా చేతకానితనానికి పడింది. బావ కొత్త డబ్బా తెప్పించి, నన్ను గేటు బయట నిలబెట్టి మరీ బిగించుకున్నాడు.

కాబట్టి చదువుతున్న మీ అందరి సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట నాకు ఎవరి మీద ఎంత కృతజ్ఞత పుట్టినా, వాళ్ల బోనెట్ లేపను. ఇది నా కుడి కనుబొమ్మ మీద ఒట్టు. ఎడమది మళ్లీ మొలిచింది గాని, దాని మీద వేసిన ఒట్టు స్వరూప నమ్మదు.