గురునాథరావుగారి అరచేతి గ్రంథం

భిలాయి ఉక్కు కర్మాగారంలో, రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ముప్ఫై నాలుగేళ్లు క్రేను నడిపిన గురునాథరావుగారికి బరువంటే గౌరవం. అందుకే రిటైరయ్యాక తన నవలను అచ్చుకిచ్చినప్పుడు, అది కనీసం రెండు చేతులతో అందుకోవలసినంత ఉంటుందని నమ్మారు. క్రేను క్యాబిన్‌లో, పనికీ పనికీ మధ్య దొరికిన తీరికలో పదకొండేళ్లు రాసిన నవల అది. వాళ్ల నాన్న చీపురుపల్లి వైపు నుంచి ఆ ప్లాంటు పనికొచ్చి, అక్కడి కార్మికుల బస్తీ ఖుర్సీపార్‌లో రేకుల కింద కాపురం పెట్టిన కథ.

పుస్తకాలు భిలాయి-3 స్టేషన్‌కు వచ్చాయని తెలియగానే ఆటో మాట్లాడుకున్నారు. బరువుకి వెనక సీటు కుంగుతుందేమోనని డ్రైవరును ముందే హెచ్చరించారు కూడా. తీరా చూస్తే, చంకలో పెట్టుకుని నడిచి రాగలిగినంత పెట్టె చేతికొచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ ఆటోలోనే తిరిగొచ్చారు.

విజయవాడ ప్రచురణకర్త "కొత్త పద్ధతండీ, అరచేతి సైజు" అన్నప్పుడు, మాటవరసకు అన్నాడనుకున్నారు. నిజంగా అరచెయ్యే. పల్చటి కాగితం. పేజీని పక్కకు కాదు, పైకి తిప్పాలి. అక్షరాలు ఆవగింజలో సగం. ప్రూఫులు ఫోన్లో చూసినప్పుడు రెండు వేళ్లతో లాగి పెద్దవి చేసుకున్నారు కాబట్టి ఆ సంగతి తెలియలేదు. ఇప్పుడు అలవాటు కొద్దీ అచ్చు కాగితం మీద కూడా రెండు వేళ్లు పెట్టి లాగారు. భార్య పార్వతమ్మ చూసిందేమోనని వెనక్కి తిరిగారు. చూడనే చూసింది.

"ఏటండీ, సిరిగిపోద్ది" అంది ఆవిడ.

ఆయన కోరిక పెద్దదేం కాదు. సన్మానమూ వద్దు, శాలువా వద్దు. (శాలువా ఇస్తే కాదనరు, అది వేరే మాట.) ఎవరో ఒక్కరు చదివి, "తరవాత ఏమైంది?" అని అడిగితే చాలు. ఆ ఒక్క మాట కోసం యాభై కాపీలూ పంచి, పదిహేను రోజులు ఓపిక పట్టి, అభిప్రాయాల కోసం బయల్దేరారు.

మొదట రిటైర్డ్ ఇంజనీరు రామమోహనరావుగారు దొరికారు.

"బ్రహ్మాండంగా ఉందండీ. రైల్లో దుర్గ్ వెళ్తూ జేబులో పెట్టుకున్నాను. జేబు ఉబ్బనే లేదు."

"కథ ఎలా ఉందండీ?"

"ఒంటిచేత్తో పట్టుకోవచ్చు. నిలబడి ప్రయాణం చేసేవాళ్లకి చాలా సుఖం."

"పోనీ, మా నాన్న పాత్ర?"

"ఆయన కూడా తేలిగ్గానే ఉన్నారు."

టీ కొట్టు సుభాష్ ఇంకా ఉత్సాహంగా మాట్లాడాడు. "మస్త్ ఉంది చాచా, క్యాలెండర్ నాగ పైకి తిప్పీయొచ్చు. మరి తారీకులు ఎక్కడేసేరు?" రచయితన్నాక విమర్శను తట్టుకోవాలి కాబట్టి గురునాథరావుగారు టీ తాగి వచ్చేశారు.

పక్క వీధిలో అహల్య జాకెట్లు కుడుతుంది. పుట్టింది ఇక్కడే, చదివింది హిందీ. తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. ఆయన పుస్తకాలు పంచిన ఇళ్లలో సగం ఇలాంటివే. తెలుగు మాట్లాడే నోళ్లున్న ప్రతి ఇంటికీ ఇచ్చుకుంటూ పోయారు గాని, చదివే కళ్లున్నాయా అని మహారచయితకు తట్టలేదు.

"రండి బాబాయ్. మీరిచ్చిన పుస్తకానికి రోజూ దణ్ణవెట్టుకుంతన్నాను."

నిజమే. దేవుడి అరలో పటాల మధ్య ఆయన నవల ఉంది, అట్ట మీద పసుపూ కుంకుమ బొట్టుతో. ఊరెళ్లి వచ్చేవాళ్లు ప్రసాదంతో పాటు తెలుగు స్తోత్రాల చిన్న పుస్తకం తెచ్చి ఇస్తే, చదవడం రాకపోయినా కళ్లకద్దుకుని అరలో పెట్టుకోవడం ఆ ఇళ్లలో మామూలు. దీన్నీ ఆ వరసలోనే చేర్చింది.

"ఏ దేవుడిది బాబాయ్? ఇది ఒచ్చినకాడి నుంచి మిషన్ సూది ఒక్కటీ ఇరగలేదు."

ఒక్క క్షణం ఊరుకుందామనిపించింది. రోజూ ధూపదీపాలు అందుకునే రచయిత మరెవరున్నారు? కానీ నోరు ఊరుకోలేదు.

"దేవుడిది కాదమ్మా. మా నాన్నది. నేను రాసేను."

అహల్య నొచ్చుకోలేదు. అరలోంచి తీసి ఆయన చేతికిచ్చింది. "అయితే సదవండి, ఇంతాను."

కళ్లజోడు సర్దుకుని, చెయ్యి చాపగలిగినంత దూరం చాపి చూశారు. ఒక్క అక్షరమూ అందలేదు. మొదటి పేజీ కంఠతా వచ్చు కాబట్టి, పుస్తకంలోకి చూస్తూ అప్పజెప్పారు. షిఫ్టు దిగేవేళ అమ్మ తనను తీసుకుని ప్లాంటు గేటు దగ్గర నిలబడేది. బయటికొచ్చే మొహాలన్నీ ఎర్రదుమ్ముతో ఒకేలా ఉండేవి. దగ్గును బట్టి నాన్నను గుర్తుపట్టేది. ఒకరోజు ఆ దగ్గు వినపడలేదు.

పేజీ అయిపోయింది. అహల్య మిషన్ తొక్కడం ఎప్పుడో ఆపేసింది.

"తరవాతేటయింది బాబాయ్?"

అడిగారు. ఒకరు అడిగారు. కళ్లు నిండి, కనిపించని అక్షరాలు మరీ కనిపించకుండా పోయాయి. ఏమైందో ఆయనకు తెలుసు. సైకిల్ స్టాండు దగ్గర నాన్న గుండె ఆగిపోయింది. దాన్ని నోటితో చెప్పలేకే కదా పదకొండేళ్లు రాసింది.

ఆయన అవస్థ చూసి అహల్య పుస్తకం అందుకుంది. సూదిలో దారం ఎక్కించే కళ్లు. "నాకు శుబ్బరంగా అవుపడతన్నాయి. ఇదేటో సెప్పండి" అంటూ పేజీ పైకి తిప్పి, బట్ట మీద గీతలు గీసే సుద్ద తీసుకుని, ఆ పేజీలో మొదటి అక్షరాన్ని ఎవరిదో నల్ల జాకెట్టు గుడ్డ మీద జానెడంత గీసింది.

"నా" అన్నారు గురునాథరావుగారు.

సాయంత్రానికి గుడ్డ నిండింది, ఒక వాక్యం పూర్తయింది. అహల్య మొదటి నుంచి వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"నా...న్న... ఇక... రా...లే...దు."

యాభై ఏళ్లుగా ఆయన నోటికి రాని మాట అది. గురునాథరావుగారు కళ్లజోడు తీసేసి, కుర్చీలో కూర్చునే ఏడ్చేశారు.