గోడ కోసం వేసిన రాయి

తొంభైల మొదట్లో మేం మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారి పక్కన ఇల్లు కట్టుకున్న రోజుల్లో, ఆ చుట్టుపక్కల మనుషుల కంటే శిలాఫలకాలే ఎక్కువ ఉండేవి. నేను దేన్నయినా నాలుగింతలు చేసి చెబుతానని మా ఆవిడ ఫిర్యాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆవిడ కూడా నన్ను కాదనదు. బస్సు దిగగానే మోకాలికి ఒకటి తగిలేది. అది బస్ షెల్టర్‌కు వేసిన పునాదిరాయి. షెల్టర్ రాలేదు కాబట్టి ఎండాకాలంలో జనం ఆ రాయి నీడలోనే వంతులు వేసుకుని నిలబడేవారు. కాస్త ముందుకు నడిస్తే పశువుల దవాఖానా రాయి, దాన్ని దాటితే మంచినీళ్ల ట్యాంకు రాయి, ఆ వెనక దేనికి వేశారో వేసినవాళ్లు కూడా మరిచిపోయిన రాయి. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతూ పోతే నేల మీద కాలు మోపకుండా శామీర్‌పేట చెరువు చేరుకోవచ్చు. కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినపడితే చాలు, మా కాలనీ కుక్కలు పరుగున వచ్చి శంకుస్థాపన టెంటు ముందు వరసగా కూర్చునేవి. కొబ్బరి తిని తిని వాటి బొచ్చు మా ఆడవాళ్ల జడల కన్నా నిగనిగలాడుతుండేది.

రాళ్లకు అక్కడ కొదవ లేదు మరి. అది కంకర తవ్విన ఊరు. మేం రాకముందు అక్కడో గుట్ట ఉండేదట. దాన్ని పేల్చి, పగలగొట్టి, మిషన్లలో వేసి నలిపి పట్నమంతా పోశారు. హైదరాబాదులో మీరు ఏ మేడ మెట్లు ఎక్కినా మీ కాళ్ల కింద మా గుట్ట ముక్క ఒకటి ఉండే ఉంటుంది. గుట్ట అయిపోయాక నేలలోకి దిగి తవ్వారు. అడుగున నీళ్లు పడ్డాయి. మిషన్లు ఆగిపోయాయి, కూలీలు ఇంకో గుట్టను వెతుక్కుంటూ వెళ్లిపోయారు, గుంత మిగిలింది.

ఆ గుంతను వర్ణించబోతే నా అతిశయోక్తులన్నీ చిన్నబోతాయి. కత్తితో కోసినట్టు నిలువుగా దిగిన రాతి గోడలు, ఎక్కడో కింద చిక్కటి పచ్చని నీళ్లు. గాలి ఎంత వీచినా ఆ నీళ్లు కదిలేవి కావు. చెరువుకు పోయే కొంగలు దాని మీదుగా ఎగరకుండా చుట్టూ తిరిగి పోతాయని నేను ఆఫీసులో చెబితే అందరూ నవ్వారు. ఒక ఆదివారం వాళ్లను భోజనానికి పిలిచి గుంత చూపించాను. తిరిగి వెళ్లేటప్పుడు ఎవరూ నవ్వలేదు.

మూడు వైపులా గట్టి బండే. మా కాలనీ వైపు మాత్రం మొరం మట్టి. వాన పడిన ప్రతిసారీ ఆ అంచు కొంచెం కొంచెంగా విరిగి లోపలికి జారేది. కాలనీ రోడ్డుకూ ఆ అంచుకూ మధ్య ఒకే ఒక్క ఇల్లు ఉంది. రెండు గదుల పెంకుటిల్లు. ముందు గది మా రోడ్డు వైపు చూస్తే, వెనక వంటగది తలుపు గుంత వైపు తెరుచుకునేది. అందులో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. గుట్టా, చుట్టూ ఉన్న చేలూ ఒకప్పుడు ఆమె అత్తింటివాళ్లవే. వాళ్లంతా ప్లాట్లు చేసి అమ్ముకుని, మేడ్చల్లో మేడలు కట్టుకుని, కొందరు రియల్ ఎస్టేట్‌లోకీ కొందరు రాజకీయాల్లోకీ దిగారు. ఆమె మాత్రం కదల్లేదు. ఆమె బర్రెల కొట్టం అప్పటికే గుంతలో ఉంది. మట్టి జారకుండా ఆ అంచున గోడ కట్టకపోతే తర్వాత పోయేది ఆమె వంటగదేనని అందరికీ తెలుసు. ఆ తర్వాత వరసలో మా ఇళ్లు కూడా ఉన్నాయి గనుక, ఆమె మీద మాకు చాలా దయ ఉండేది.

ఎలక్షన్లు దగ్గర పడ్డ ఏడాది గోడకు శంకుస్థాపన జరిగింది. నాయకుడి కారు ఆగగలిగిన చోటు, ఆయన నెత్తిన నీడ పడే చోటు ఒక్కటే ఉంది. అవ్వ ఇంటికీ పక్కనున్న ఏనుగంత బండకూ మధ్య, గుంత అంచుకు పోయే సందు మొదట్లో, వేపచెట్టు కింద. రాయిని అక్కడే పాతారు. నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు. ఉపన్యాసం ఎంతసేపు సాగిందంటే, అయ్యేసరికి వేపచెట్టు నీడ ఆయన్ని వదిలేసి అవ్వ ఇంటి మీదికి పోయింది.

తర్వాత ప్రభుత్వం మారింది. మా వైపు ప్రభుత్వం మారితే మొదట జరిగే పని పాతవాళ్ల ఫలకాలు పగలగొట్టడం. రాయితోపాటు దాని మీద రాసిన మాటా పోతుంది. కొత్తవాళ్లు మళ్లీ టెంటు దగ్గర్నుంచి మొదలుపెడతారు. అవ్వ ఇది రోడ్డు విషయంలో చూసింది, బడి విషయంలో చూసింది. ట్యాంకు రాయిని పగలగొట్టారని తెలిసిన పొద్దున ఆమె బిందెడు నీళ్లు తెచ్చి గోడ రాయిని కడిగింది. పైనుంచి కింది దాకా పసుపు పూసింది, కుంకుమ బొట్లు పెట్టింది, వేపకొమ్మ గుచ్చి కొబ్బరికాయ కొట్టింది. గడ్డపారలతో వచ్చిన మనుషులకు అక్కడ నాయకుడు కనిపించలేదు, మైసమ్మ కనిపించింది. వాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టుకుని పోయారు. ఆఫీసుకు పోతూ అది నా కళ్లతో చూశాను.

సాయంత్రం అవ్వ మా ఆవిడ దగ్గర కూర్చుని ఆ ముచ్చట చెప్పి కడుపు పట్టుకుని నవ్వింది.

"లీడర్ మీద గడ్డపార ఏస్తరు గని అమ్మ మీద ఏస్తరా బిడ్డా. గోడ వచ్చెదాంక గిట్లనే ఉండనీ. వచ్చినంక కడిగేద్దాం తియ్యి."

ఆ వానాకాలం గుంత అంచు అవ్వ ఇంటికి ఎడమ పక్కా విరిగింది, కుడి పక్కా విరిగింది. ఇంటి వెనక మాత్రం మట్టిపెళ్ల కూడా రాలలేదు. పక్కనున్న బండ వేరు ఆ ఇంటి కిందికి పోయి ఉంటుందని నేను పదిమందికీ సైన్సు చెప్పాను. పదిమందీ శ్రద్ధగా విని, తిన్నగా పోయి రాయికి దండం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది కూడా అలాగే జరిగింది. ఇక ఆపేవాళ్లు లేరు. ఆదివారాలు సూరారం నుంచి ఆటోల్లో జనం వచ్చేవారు. ఆషాఢంలో బోనాలు వచ్చాయి, కోళ్లు వచ్చాయి. కొన్నాళ్లకు, ఆ దగ్గర్లోనే గుడి ఉన్న గండిమైసమ్మకు చెల్లెలు వరస కూడా కలిపేశారు. పసుపు పొరల మీద పొరలు పడి రాయి లావెక్కింది, మూలలు పోయాయి, భుజాలు వచ్చాయి. నాకైతే ఏటా అది ఒక వేలెడు ఎత్తు పెరుగుతోందనిపించేది. అవ్వ ఒంటిపూట తినడం మొదలుపెట్టింది. ఒకసారి మా ఆవిడ సరదాగా, ఎప్పుడు కడుగుదామవ్వా అని అడిగింది. అవ్వ నవ్వలేదు. చేత్తో మా ఆవిడ నోరు మూసి, రాయి వైపు చూసి చెంపలు వేసుకుంది.

రెండువేల సంవత్సరం దాటాక గోడ నిజంగానే మంజూరైంది. ఏ ఫలకం పుణ్యమో ఎవరికీ తెలీదు. కాంట్రాక్టర్ వచ్చాడు, జేసీబీ వచ్చింది. గోడ కట్టాల్సింది అవ్వ ఇంటి వెనక, గుంత అంచున. అక్కడికి మిషన్ పోవాలంటే ఉన్న దారి ఆ ఒక్క సందే. సందు మొదట్లో మైసమ్మ కూర్చుని ఉంది. డ్రైవర్ రాయి దాకా వచ్చి, ఇంజను ఆపి, దిగి చెప్పులు విడిచాడు. కాంట్రాక్టర్ ఎంత చెప్పినా మళ్లీ ఎక్కలేదు.

సర్పంచ్‌ను పిలిచారు. ఆయన అవ్వకు మరిది కొడుకే. కాలనీ అంతా రోడ్డు మీద నిలబడ్డాం. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. పోతరాజును పిలిపిస్తానన్నాడు, మేకను కోయిస్తానన్నాడు, అమ్మను తీసుకుపోయి రోడ్డు పక్కన చిన్న గుడి కట్టి కూర్చోబెడతానన్నాడు. చివరికి అసలు మాట చెప్పాడు.

"నువ్వు ఊఁ అంటె లేపుతం పెద్దమ్మా. వద్దంటె మిషన్ లోపలికి పోదు. గోడ గీ రోడ్డు పొంటి కట్టుడే. నీ ఇల్లు అవుతల పడ్తది."

అవ్వ రాయి పక్కనే నిలబడి ఉంది. ఎవరో ఒకరు చెప్పాలి కదా అని నేను ముందుకు పోయి, ఆ పసుపు కింద ఉన్నవి అక్షరాలేననీ, పూసింది తనేననీ గుర్తుచేశాను.

"ఎరికే బిడ్డా, నేనే పూసిన," అంది అవ్వ. "నేను పిలిస్తెనే వచ్చింది. వచ్చి ఇన్నొద్దులు నా ఇల్లు పట్టుకోని కూసున్నది. ఇయ్యాల నాకు గోడ వస్తాంది, నువ్వు లే అంటనా? ఆమెను లేపితె గుంతను ఎవరు పట్టుకుంటరు?"

సర్పంచ్ కాంట్రాక్టర్‌కు రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. కాంట్రాక్టర్ మొహం వెలిగింది. రోడ్డు వెంబడి కట్టే గోడ తేలిక, పొట్టి కూడా. నెల తిరక్కుండానే మనిషెత్తు గోడ లేచింది. మట్టి జారకుండా ఆపే గోడ కాదది, గుంత మా కళ్లకు కనపడకుండా చేసే గోడ. అవ్వ రాకపోకలకు ఒక తలుపంత సందు వదిలారు. ఇవతల కాలనీ, అవతల గుంతా, మైసమ్మా, అవ్వా. ప్రారంభోత్సవం రోజు అవ్వ ఆ సందులోంచే వచ్చి స్వీటు తీసుకుని, ఆ సందులోంచే వెళ్లిపోయింది. మేమందరం హమ్మయ్య అనుకుని నిద్రపోవడం మొదలుపెట్టాం.

ఆ శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ గోడ అవతల చప్పుడైంది. దాన్ని ఉరుముతో పోలుద్దామని ఎన్నోసార్లు ప్రయత్నించాను, కుదరదు. ఎవరో నిండు బస్తాను మెల్లగా కింద పెట్టిన చప్పుడు, అంతే. పరిగెత్తుకుని సందులోంచి పోయాం. వంటగది లేదు. పొయ్యి, గిన్నెలు, గోడలు, వాటి కింది నేల, ఏవీ లేవు. ముందు గది చూరు నుంచి నాలుగు పెంకులు గాల్లోకి వేలాడుతున్నాయి. అవ్వ ఇటు వైపు, రాయి దగ్గర, దీపం ఆరిన పళ్లెం పట్టుకుని తడుస్తూ నిలబడి ఉంది.

మా ఆవిడ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. మా ఇంటికి వచ్చేయమంది.

"సూసినవా బిడ్డా," అంది అవ్వ. "లోపటుంటె పోతుంటి. దీపం పెట్టుమని ఆమెనే బయటికి పిలిచింది."

ఆ మాటతో ఆమె ఇక ఎప్పటికీ అక్కణ్నుంచి రాదని నాకు అర్థమైంది. మా ఆవిడ కూడా చెయ్యి వదిలేసింది. సర్పంచ్ జీపు తెచ్చాడు, బతిమాలాడు, చివరికి కోప్పడ్డాడు. అవ్వ జీపు వైపు చూడనైనా చూడలేదు.

వాన వెలిశాక ఆమె ఒక మేస్త్రీని పిలిపించుకుంది. ముందు గదికీ, పోయిన వంటగదికీ మధ్య తలుపు ఉండేది కదా, దాన్ని ఇటుకలతో మూయించింది. నేను చూడటానికి వెళ్లేసరికి మేస్త్రీ వెళ్లిపోయాడు. అవ్వ పచ్చి సిమెంటు మీద సున్నం పూస్తోంది. ఆ గదిలో వెనక వైపున కిటికీ కూడా లేదు.

"ఇగ గా దిక్కు నాకు లేదు బిడ్డా," అంది, చేతులు కడుక్కుంటూ.

కట్టిన ఇటుకల వెనక నుంచి ఏదో జారి, చాలాసేపటికి నీళ్లలో పడింది. ఇద్దరం విన్నాం. అవ్వ కొత్తగా తెచ్చుకున్న కట్టెపొయ్యి ముందుకు జరుపుకుని, నాకు చాయ్ పెట్టింది.